మంచు బాగుందా?

స్విట్జర్లాండులోని సెయింట్ మోరిట్జ్ అనే కొండ ఊళ్ళో ఇప్పటికీ ఒక పందెం కథ చెప్పుకుంటారు. 1864వ సంవత్సరం, వేసవి ముగిసింది. యోహానెస్ బాడ్రట్ అనే ఆయన హోటల్లో దిగిన నలుగురు ఇంగ్లీషు దొరలు పెట్టెలు సర్దుకుంటున్నారు. ఆ రోజుల్లో ఆల్ప్స్ కొండలకి ఎవరు వెళ్ళినా వేసవిలోనే. చలికాలం వస్తే దారులు మూసుకుపోయేవి, హోటళ్ళకి తాళాలు పడేవి. పాపం బాడ్రట్‌కి కొన్నాళ్ళు రాబడి, మిగతా నాళ్ళు గోళ్ళు గిల్లుకోవడం. అందుకని ఆయన దొరలతో పందెం వేశాడట. మీ లండనులో శీతకాలమంతా పొగా ముసురూ గదా, మా ఊళ్ళో మధ్యాహ్నం పూట కోటు విప్పి కూర్చోవచ్చు, క్రిస్మసుకి వచ్చి చూడండి. నా మాట అబద్ధమైతే మీ దారిఖర్చులు నేనిస్తాను, నిజమైతే ఇష్టమొచ్చినన్నాళ్ళు నా అతిథులుగా ఉండండి అన్నాడట.

దొరలు వచ్చారు. కనుమ దాటి మంచుబళ్ళలో దిగేసరికి ఎండకి ఒళ్ళంతా చెమటలట. బాడ్రట్ కోటు లేకుండా, చొక్కా చేతులు మడుచుకుని ఎదురొచ్చాడట. ఈస్టరు పండుగ దాకా హాయిగా ఉండి, ఎండకి నల్లబడి మరీ ఇళ్ళకి వెళ్ళారట.

నూట అరవై ఏళ్ళ నాటి కథ, నలుగురి నోళ్ళలో నలిగి కొంత మెరుగు పెట్టుకునే ఉంటుంది. కాని ఒక్క సంగతి గమనించండి. బాడ్రట్ హామీ ఇచ్చింది ఎండకి. మంచుకి కాదు. మంచు ఎంత పడింది, ఎలాంటిది పడింది అని అడిగినవాళ్ళే లేరు. ఈనాడు అదే ఆల్ప్స్‌లో ఏ హోటలు తలుపు తట్టినా మొదటి ప్రశ్న అదే - "మంచు బాగుందా?" ఆ ప్రశ్నకి హోటలువాడు ఒక జవాబు చెబుతాడు. కొండ దిగి వచ్చినవాడు ఇంకో జవాబు చెబుతాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలన్న పేచీకి పెద్ద చరిత్రే ఉంది.

బాడ్రట్ తర్వాత ఆల్ప్స్‌కి చలికాలంలో వచ్చినవాళ్ళు షోకిలాలు కారు, రోగులు. సెయింట్ మోరిట్జ్‌కి అంత దూరం కాని దావోస్ అనే లోయలో అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే జర్మన్ డాక్టరు ఉండేవాడు. ఆ ఊరి జనానికి క్షయ రావడం లేదని ఆయన కనిపెట్టాడు. 1865 చలికాలంలో మొదటి రోగులు ఆ ఊరు చేరారు. క్షయకి మందు లేని రోజులవి. పొడి గాలి, ఎండ, పాలు, మేడ మీద వరండాలో దుప్పట్లు కప్పుకుని పడుకోవడం - ఇదే వైద్యం. మన మదనపల్లె శానిటోరియం గురించి విన్నవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ తన "ట్రెజర్ ఐలండ్" నవలని పూర్తి చేసింది దావోస్‌లోనే. తెల్లారి లేస్తే తెల్లటి కొండలే చూస్తూ, సముద్రం మీద నవల రాశాడాయన. నవలలు రాసేవాళ్ళ బుద్ధి అంతే, ఎదురుగా ఉన్నది ఎప్పుడూ చాలదు.

ఆ రోగుల కోవలోనే 1893లో ఇంకో రచయిత దావోస్ చేరాడు. ఆర్థర్ కానన్ డాయిల్. రోగం ఆయనకి కాదు, భార్య లూయీజాకి. క్షయ ముదిరింది, కొద్ది నెలలే అన్నారు డాక్టర్లు. ఆ సంవత్సరం డిసెంబరులోనే డాయిల్ తన షెర్లాక్ హోమ్స్‌ని స్విట్జర్లాండులో ఒక జలపాతంలోకి తోసి చంపేశాడు. భార్య వరండాలో విశ్రాంతి తీసుకుంటుంటే ఈ ఆరడుగుల మనిషికి కాళ్ళూ చేతులూ ఊరుకోలేదు. నార్వే వాళ్ళ స్కీలు కాళ్ళకి కట్టుకుని మంచులో పడుతూ లేస్తూ నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

స్కీలంటే పొడుగాటి చెక్కలేగదా. నార్వే, స్వీడన్ దేశాల్లో అవి వేల ఏళ్ళ నాటి వస్తువులు. అక్కడ అవి ఆట సామాను కాదు, మంచులో కూరుకుపోకుండా పక్క ఊరికి వెళ్ళడానికి కాలికి కట్టుకునే సాధనం. పంతొమ్మిదో శతాబ్దంలో టెలిమార్క్ జిల్లా రైతుకూలీ సోంద్రే నోర్‌హైమ్ మడమ జారకుండా పేనిన కట్లు కట్టి, వంపు తిరగడం, గెంతడం ఒక విద్యగా చేశాడు. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్‌సెన్ స్కీల మీద గ్రీన్‌లాండు మంచుని అడ్డంగా దాటాడు. 1890లో ఆయన పుస్తకం అచ్చయింది. ఆ పుస్తకం చదివి ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండు కుర్రాళ్ళు నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నారు. తెప్పించుకున్నాక తెలిసింది చిక్కు. నార్వే కొండలు మెత్తని వాలు. ఆల్ప్స్ గోడల్లా నిలబడి ఉంటాయి. అక్కడ నడక నేర్పిన చెక్కలు ఇక్కడ పడటం నేర్పాయి.

దావోస్‌లో బ్రాంగర్ అన్నదమ్ములు టోబియాస్, యోహాన్ అనేవాళ్ళు ఊరివాళ్ళు నవ్వుతారని చీకటి పడ్డాక సాధన చేసేవాళ్ళట. వాళ్ళని తోడు తీసుకుని 1894 మార్చిలో డాయిల్ తెల్లవారుఝామున బయలుదేరి, కనుమ ఎక్కి దిగి, అవతలి లోయలోని అరోసా ఊరు చేరాడు. ఒక నిట్టవాలు దగ్గర స్కీలు జారిపోతే ఈయన కూర్చున్న పాటునే జారుతూ దిగాడు. ఈ బట్ట అరగదు అని దర్జీ ఇచ్చిన భరోసా ఎంతవరకు నిజమో ఆ వాలు మీద తేలిపోయిందని తర్వాత "స్ట్రాండ్" పత్రికలో తానే వేళాకోళంగా రాసుకున్నాడు. అరోసా హోటలు పుస్తకంలో వృత్తి అనే గడిలో టోబియాస్ ముగ్గురికీ కలిపి "క్రీడాకారుడు" అని వచ్చీరాని ఇంగ్లీషులో రాసేశాడు. ఇక ముందు వందలాది మంది ఇంగ్లీషువాళ్ళు ఈ ఆట కోసమే స్విట్జర్లాండు వస్తారని డాయిల్ అదే వ్యాసంలో జోస్యం చెప్పాడు. నెలలే అన్న లూయీజా 1906 దాకా బతికింది. ఆ విషయంలో దావోస్ గాలికే మార్కులు వెయ్యాలి.

డాయిల్ జోస్యం నిజం చేసిన కుటుంబానికి మన మద్రాసుతో సంబంధం ఉందంటే నమ్ముతారా? హెన్రీ లన్ అనే యువకుడు మెథడిస్టు మిషను తరఫున వైద్యం, మతబోధ చెయ్యడానికి 1887లో మన దేశం వచ్చాడు. 1888 ఏప్రిల్‌లో, మద్రాసు ఎండల్లో, ఆయనకి కొడుకు పుట్టాడు. పేరు ఆర్నాల్డ్. తండ్రికి ఇక్కడి వాతావరణం పడలేదు, ఏడాది తిరిగేలోగా తిరుగు ప్రయాణం కట్టారు. వెళ్ళినాయన ఊరుకోలేదు. ఇండియాలో మిషనరీలు దొరల్లా దర్జాగా బతుకుతూ బీదవాళ్ళకి ఏం చెప్పగలరని పత్రికలో రాశాడు. చర్చివాళ్ళకి కోపం వచ్చింది, గొడవ ముదిరింది, చివరికి ఆయనే బయటికి వచ్చాడు. స్విట్జర్లాండులో మత సమావేశాలు పెట్టి జనాన్ని రైళ్ళలో తీసుకెళ్ళడం నేర్చినవాడు గనక అదే వ్యాపారం చేసుకున్నాడు. ఇంగ్లండులోని కలిగినవాళ్ళని చలికాలం ఆల్ప్స్‌కి చేరవెయ్యడం. 1910-11 చలికాలంలో మ్యురెన్ అనే ఊరికి కొండరైలు నడపమని కంపెనీని ఒప్పించినవాడు ఈయనే. అంతకు ముందు చలికాలమంతా ఆ ఊరు మూతపడి ఉండేది.

కొడుకు ఆర్నాల్డ్‌కి చిన్నప్పటినుంచి మంచే లోకం. 1909లో వేల్స్‌లో కొండ ఎక్కుతూ పడి కాలు చితికింది. అతుక్కున్నాక ఆ కాలు రెండంగుళాల పైనే పొట్టిదయింది. అయినా మానలేదు. ఈనాడు లోకమంతా టెలివిజన్‌లో చూసే స్లాలమ్ పందెం, అంటే పాతిన జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే పోటీ, ఈ కుంటి మనిషి 1922 జనవరిలో మ్యురెన్‌లో కట్టిన నియమాలతోనే నడుస్తోంది. అంతకు ముందు 1911 జనవరిలో మోంటానా దగ్గర, పైన హిమానీనదం మీదినుంచి కింద లోయ దాకా ఎవరు ముందు దిగితే వాళ్ళదే గెలుపని ఒక పందెం పెట్టించాడు. కప్పు ఇచ్చిన పెద్దమనిషి కాందహార్ రాబర్ట్స్ ప్రభువు. కాబూల్ నుంచి కాందహార్‌కి సైన్యాన్ని నడిపించి ఆ బిరుదు తెచ్చుకున్నాడు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి సేనాధిపతి. ఆ కప్పు పుణ్యమా అని, మంచు వాలుకీ స్కీ కట్లకీ పందేలకీ ఇప్పటికీ "కాందహార్" అనే అఫ్గాన్ ఊరి పేరు నడుస్తోంది. పేర్ల ప్రయాణాలు మనుషుల ప్రయాణాలకంటే చిత్రమైనవి.

ఆ పందెంలో దిగినవాళ్ళకి ముందుగా చదును చేసిన దారి లేదు. రాత్రి కొండ మీద గుడిసెలో పడుకుని పొద్దున్నే దిగారు. ఎదురుగా ఏ రకం మంచు ఉందో కాలే చెప్పాలి. ఆర్నాల్డ్ లన్ జీవితమంతా పోరాడింది దీనికోసమే. స్కీ చెయ్యడమంటే చక్కగా నిలబడి వంపు తిరగడం కాదు, మంచుని చదవడం అనేవాడు. నార్వే పెద్దలు ఆయన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. వాళ్ళ దృష్టిలో స్కీ అంటే మైదానంలో సుదూరం నడవడం, ఎత్తునుంచి గెంతడం. రైలెక్కి పైకి వెళ్ళి ఊరికే కిందకి జారడం ఒక విద్యా అని వాళ్ళ ఈసడింపు.

ఆడవాళ్ళ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మొదట్లో ఆ దేశపు స్త్రీలు పాదాల దాకా ఉండే గౌన్లతోనే స్కీలెక్కారు. అంచుకి మంచు అంటుకుని గడ్డకట్టి కాళ్ళకి అడ్డం పడేది. వానలో తడిసిన కుచ్చెళ్ళతో బస్సెక్కిన మనకి ఆ అవస్థ వేరే వర్ణించక్కర్లేదు. మెల్లిగా పంట్లాములు వచ్చాయి. 1923లో మ్యురెన్‌లో స్త్రీలకి ప్రత్యేకంగా ఒక స్కీ క్లబ్బు పెట్టారు. 1931లో అదే ఊళ్ళో జరిగిన మొదటి ప్రపంచ పోటీల్లో ఎస్మే మెకిన్నన్ అనే పదిహేడేళ్ళ పిల్ల దిగువ పరుగు, స్లాలమ్ రెండూ గెలిచింది. ఎత్తునుంచి గెంతే పోటీని మాత్రం ఆడవాళ్ళ ఒంటికి మంచిది కాదంటూ అట్టే పెట్టారు. ఒలింపిక్స్‌లో స్త్రీలు గెంతింది 2014లో. ఎనభై మూడేళ్ళు పట్టింది మరి!

మంచుని చదవడం అన్నాను గదా. మన భాషలో మంచు ఒక్కటే మాట. పుష్యమాసంలో గడ్డి మీద పడేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయం మీద ఉన్నదీ మంచే. ఆల్ప్స్ మనుషులకి అలా కుదరదు. చలి గట్టిగా ఉన్నప్పుడు గాలి లేకుండా రాలిన మంచు బియ్యప్పిండిలా ఉంటుంది. ఊదితే ఎగిరిపోతుంది. స్కీ మనిషికి అదే అమృతం. దాని మీద ఒక రోజు ఎండ, ఒక రాత్రి చలి తగిలితే పైన అప్పడంలా పెళుసు పొర కడుతుంది. బరువు వేస్తే విరిగి కాలు దిగబడుతుంది, మోకాళ్ళు పోయేది ఈ రకంలోనే. వసంతంలో ఇంకో రకం. రాత్రి గడ్డకట్టి, పొద్దున పది గంటల వేళకి పైపైన కరిగి, ముతక పంచదార పరిచినట్టుంటుంది. అప్పుడు దిగితే స్వర్గం. పన్నెండు దాటితే అదే చోట బురద. అంటే ఒకే కొండ మీద, ఒకే రోజు, పదింటికి దిగినవాడు ఆహా అంటాడు, రెండింటికి దిగినవాడు ఛీ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పైగా ఫ్యోన్ అని ఒక గాలి ఉంది (టెలిఫోనుకీ దీనికీ చుట్టరికం లేదు). కొండకి అవతల వాన కురిపించేసి, ఇవతలి వైపు దిగుతూ పొడిగా, వెచ్చగా తగులుతుంది. కొన్ని గంటల్లో మంచుని మింగేస్తుంది. 1928లో శీతకాలపు ఒలింపిక్స్ ఎక్కడ జరిగాయనుకున్నారు? మన బాడ్రట్ గారి సెయింట్ మోరిట్జ్‌లోనే. 50 కిలోమీటర్ల స్కీ పరుగు పొద్దున మొదలైనప్పుడు గడ్డకట్టే చలి. మధ్యాహ్నానికి 25 డిగ్రీలు! గెలిచిన స్వీడన్ వాడు హెడ్‌లుండ్‌కి 4 గంటల 52 నిమిషాలు పట్టింది, కిందటి ఒలింపిక్స్ కంటే గంట పైనే ఎక్కువ. చాలామంది మధ్యలోనే వదిలేశారు. ఆ రోజు ఐసు మీద జరగాల్సిన పదివేల మీటర్ల స్కేటింగు పోటీ ఐసు కరిగి ఆగిపోయింది. బాడ్రట్ మాట ఇచ్చిన ఎండ బ్రహ్మాండంగా కాసిందన్నమాట. అప్పటికి జనానికి కావలసింది ఎండ కాదు, అదే వచ్చిన చిక్కు.

1964లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఇంకా కష్టం వచ్చింది. ఒలింపిక్స్ దగ్గరపడినా కొండలు బోడిగా ఉన్నాయి. సైన్యాన్ని పిలిచారు. సిపాయిలు పై కొండల్లోనుంచి 20,000 ఐసు దిమ్మలు కోసి తెచ్చి బండి పందేల దారికి పేర్చారు. 40,000 ఘనపు మీటర్ల మంచు మోసుకొచ్చి వాలు మీద పరిచి కాళ్ళతో తొక్కి గట్టిపరిచారు. పెళ్ళివారి బస్సు దిగే వేళకి పందిరి వేసినట్టు వేశారు. ఆ పోటీల్లో మన దేశం తరఫున ఒకే ఒక్కడు దిగాడు, జెరెమీ బుజకోవ్‌స్కీ అనే పోలిష్ కుటుంబపు మనిషి. కాని ఆటలు మొదలవకముందే సాధనలో ఆస్ట్రేలియా కుర్రాడు రాస్ మిల్న్ చెట్టుకి కొట్టుకుని చనిపోయాడు. పందొమ్మిదేళ్ళవాడు.

ఇక్కడ ఆట మాట కాసేపు పక్కన పెట్టాలి. మంచు గురించిన మాట తప్పితే పోయేది సెలవలే కాదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ, ఆస్ట్రియా సైన్యాలు ఈ కొండల మీదే తలపడ్డాయి. మర్మొలాడా పర్వతం కింద ఆస్ట్రియా సిపాయిల చెక్క బారకాసులు ఉండేవి. కాల్పులు తగలకుండా చూసుకుని కట్టిన చోటది. 1916 డిసెంబరు నాటికి తల మీద మంచు కొండలా పేరుకుంది. అక్కడ ఉన్న అధికారి కెప్టెన్ రుడాల్ఫ్ ష్మిద్ ఇక్కడనుంచి మార్చమని పై అధికారులకి రాశాడు. కింద కూర్చున్న పెద్దలు వినలేదు. డిసెంబరు 13 తెల్లవారుఝామున చరియ విరిగి పడింది. దాదాపు 270 మంది పోయారు. పైన నిలబడి చూసినవాడి మాటకి, కింద కుర్చీలో ఉన్నవాడి మాటకి ఎంత దూరమో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చరియ ఎలా విరుగుతుందో ఆడవాళ్ళకి చెప్పడం తేలిక. పళ్ళెంలో పంచదార పలచగా పరిచి, దాని మీద బరువైన పీట పెట్టి, పళ్ళెం ఒక వైపు ఎత్తండి. కొంత వాలు వచ్చేదాకా పీట కదలదు. ఆ తర్వాత మొత్తం ఒక్కసారిగా జారుతుంది. కొండ మీద కింది పొర మంచు రవ్వరవ్వగా పట్టు లేకుండా ఉండి, పైన కొత్త మంచు బిగిసి పలకలా పడితే ఇదే జరుగుతుంది. పీట కదలడానికి ఒక్క మనిషి బరువు చాలు. పైనుంచి చూస్తే మాత్రం అంతా తెల్లగా, అందంగా, కిందటి రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అందుకే పొరలు తవ్వి చూసేవాళ్ళు కావలసివచ్చారు. దావోస్ పైన 2,500 మీటర్ల ఎత్తున వైస్‌ఫ్లూయోక్ అనే చోట 1936లో శాస్త్రవేత్తలు మంచు పరిశోధన మొదలుపెట్టారు. అప్పటినుంచి చలికాలంలో అక్కడ మంచు లోతు కొలిచి రాస్తూనే ఉన్నారు. 1945 నుంచి చరియల హెచ్చరిక ప్రకటనలు బయటికి వస్తున్నాయి. క్షయ రోగుల ఊరు మంచు డాక్టర్ల ఊరయింది.

హెచ్చరిక ఉన్నా 1950-51 చలికాలంలో స్విట్జర్లాండులో చరియల కింద 98 మంది పోయారు. ఆ తర్వాత ఏ ఇల్లు ఎక్కడ కట్టవచ్చో గీతలు గీశారు, కొండల మీద ఇనప కంచెలు పాతారు. 1999 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని గాల్ట్యూర్‌లో ఎడతెరిపి లేకుండా మంచు కురిసింది. దారులు మూశారు. సెలవలకి వచ్చినవాళ్ళు ఊళ్ళోనే చిక్కుపడ్డారు. 23వ తారీకు సాయంత్రం పడిన చరియ, పటం మీద భద్రం అని గుర్తుపెట్టిన చోటికి కూడా వచ్చేసింది. ఆ ఊళ్ళో 31 మంది, మర్నాడు పక్క పల్లెలో మరో ఏడుగురు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొండ మాత్రం వాళ్ళ పటం చదవలేదు.

అసలు అబద్ధాల సంగతికి వద్దాం. హోటలువాళ్ళ మాట మీద నమ్మకం చాలక ఇంగ్లండులోని స్కీ క్లబ్బు - 1903లో పెట్టింది - తన మనుషులని ఊరూరా ఉంచి, వాళ్ళు కళ్ళారా చూసిన మంచు వివరాలు పంపిస్తే లండను పత్రికల్లో వేయించేది. కుటుంబాలు అది చూసుకుని ప్రయాణం కట్టేవి. హోటలువాడి ప్రకటనా, క్లబ్బు మనిషి వార్తా పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఒక విద్య. ఎందుకంటే ఊరివాళ్ళు నిజంగా అబద్ధమాడక్కర్లేదు. పెళ్ళిళ్ళ పేరయ్య అబద్ధమాడతాడా? అబ్బాయికున్న వాటిలో ఎత్తుగా ఉన్నదేదో అదే ముందు చెబుతాడు. వీళ్ళూ అంతే. శిఖరం మీది లోతు పెద్ద అక్షరాల్లో, ఊళ్ళోని లోతు చిన్న అక్షరాల్లో. తెరిచిన వాలుల లెక్క చెబుతారు, అవి ఎంత గరుకుగా ఉన్నాయో చెప్పరు.

నిజంగా అబద్ధమాడినవాళ్ళనీ పట్టుకున్నారు. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికశాస్త్రవేత్తలు ఇద్దరు, జిన్‌మన్, జిట్జెవిట్జ్ అనేవాళ్ళు, ఉత్తర అమెరికా స్కీ ఊళ్ళు రోజూ ప్రకటించే మంచు లెక్కలన్నీ పోగేసి 2009లో ఒక పరిశోధన బయటపెట్టారు. శని ఆదివారాల్లో ఈ ఊళ్ళు 23 శాతం ఎక్కువ మంచు పడిందని ప్రకటించాయి! మేఘాలకి వారాలు తెలియవు గదా. సెలవు రోజున వచ్చే జనం కోసం కాగితం మీద కురిసిన మంచు అది. తర్వాత జేబులో ఫోన్లు వచ్చాయి. కొండ మీద నిలబడినవాడు ఇక్కడ రాళ్ళు తేలుతున్నాయి అని అప్పటికప్పుడు నలుగురికీ చెప్పే వీలు కలిగింది. సిగ్నల్ బాగా అందే ఊళ్ళలో ఆ వారాంతపు మంచు ఇట్టే కరిగిపోయిందట. ఇది అమెరికా, కెనడాల ముచ్చట. యూరప్ హోటలువాళ్ళు సత్యహరిశ్చంద్రులని నేను మాత్రం పూచీ పడను.

ఇంతకీ స్కీ మనుషుల అభిప్రాయం వేదవాక్కా అంటే, అదీ కాదు. వాళ్ళలోనూ రకాలున్నారు. గడ్డకట్టిన వాలు మీద కొత్తగా నేర్చుకునేవాడికి గుండె జారుతుంది, పందెగాడికి అదే కావాలి. బోలెడు డబ్బు పోసి వచ్చినవాడు బాగాలేదని ఒప్పుకోలేడు. ఏటా వచ్చే పెద్దాయనకి తన చిన్నప్పటి మంచు తప్ప ఏదీ ఆనదు. కాని నలభైమంది మాట కలిపి వింటే నిజం ఎక్కడో దొరుకుతుంది. పక్కింటి పిన్నిగారు, ఎదురింటి అత్తయ్యగారు, పాలవాడు ముగ్గురూ ఒకే మాట చెబితే డాక్టరు గురించి మనం నమ్మమూ?

ఇప్పుడు పేచీ ఇంకో మలుపు తిరిగింది. మంచు ఎంత అన్నది పోయి, అసలు ఉందా అన్నది వచ్చింది. నీళ్ళని సన్నటి తుంపరగా చలిగాలిలోకి చిమ్మి మంచు చేసే యంత్రం 1950లో అమెరికాలో పుట్టింది. ఇటలీ వాలుల్లో దాదాపు 90 శాతానికి ఈ యంత్రాల మంచే ఆధారం. ఆ యంత్రానికీ చలి కావాలి. గాలిలో తేమని బట్టి సుమారు సున్నా కంటే రెండు డిగ్రీలు కిందకి దిగితేనే పని చేస్తుంది. 2022, 2023 రెండేళ్ళలోనే స్విట్జర్లాండు హిమానీనదాలు తమ మొత్తంలో పదో వంతు పోగొట్టుకున్నాయి. యూరప్‌లోని 2,234 స్కీ ఊళ్ళ లెక్క తీసిన ఒక పరిశోధన 2023లో వచ్చింది. భూమి వేడి రెండు డిగ్రీలు పెరిగితే, యంత్రాల సాయం లేకపోతే, వాటిలో సగానికి పైగా - 53 శాతం - మంచుకి కటకటలాడతాయని తేల్చింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని పిరనీస్ కొండల్లో లూషాన్ అనే చోట హెలికాప్టరుతో 50 టన్నుల మంచు పై నుంచి కిందకి దింపితే దేశమంతా దుమ్మెత్తి పోసింది. ఊరివాళ్ళు అడిగింది ఒకటే - మా పిల్లలకి నేర్పే వాలు మూతపడితే మా పనులు ఎవరిస్తారు?

ఆ ప్రశ్న వేళాకోళానికి అందేది కాదు. ఫ్రాన్సులోనే అన్నెసీ దగ్గర లా సాంబుయీ అనే చిన్న ఊరి వాలు 2023లో శాశ్వతంగా మూసేశారు. ఒకప్పుడు డిసెంబరు నుంచి మార్చి దాకా నడిచేది. చివరి చలికాలంలో నికరంగా మంచు ఉన్నది నాలుగు వారాలు. లిఫ్టుల స్తంభాలు విప్పి అమ్మకానికి పెట్టారు. అక్కడికి పెద్ద దొరలెవరూ వచ్చేవారు కాదు. చుట్టుపక్కల కుటుంబాలు తక్కువ ఖర్చులో పిల్లలకి నేర్పించుకునే చోటది. ఎత్తైన కొండల మీద ఖరీదైన ఊళ్ళకి మంచు ఇంకా కొన్నేళ్ళు ఉంటుంది. ముందు పోయేది పల్లపు ఊళ్ళు, చిన్న జీతాలవాళ్ళు వెళ్ళే ఊళ్ళు.

దావోస్ వాళ్ళు మాత్రం 2008 ప్రాంతంనుంచి ఒక పాత ఉపాయం తీశారు. చలికాలం చివర మంచుని పెద్ద గుట్టగా పోసి, మీద రంపపు పొట్టు మందంగా కప్పి వేసవంతా దాచిపెడతారు. మన ఊళ్ళలో ఐసు దిమ్మలు అమ్మేవాళ్ళు పొట్టు కప్పి గోనె కట్టి తెచ్చేవారు, గుర్తుందా? ఆ మాటకొస్తే పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా చెరువుల ఐసు, రంపపు పొట్టులోనే పొదిగి, ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి మద్రాసు సముద్రపుటొడ్డున ఐస్‌హౌస్‌కి వచ్చేది. ఆర్నాల్డ్ లన్ పుట్టిన ఊళ్ళో మంచంటే అదే. దావోస్‌లో అక్టోబరు చివర పొట్టు తీసి, ఆ పాత మంచుని లోయలో కొన్ని కిలోమీటర్ల పొడుగున తివాచీలా పరుస్తారు. రెండు వైపులా ఇంకా పచ్చగడ్డి ఉంటుంది, మధ్యలో తెల్ల దారి మీద స్కీ మనుషులు బారులు తీరి వెళుతుంటారు. నిరుటి మంచు. అయినా బాగుందనే అంటున్నారు, వెళ్ళొచ్చినవాళ్ళు.